ముక్కులో కండ తీసేశాక కూడా స్ప్రే ఎందుకు?

ప్రశ్న: మాది గుంటూరు. మా ఆయనకు 43 ఏళ్లు, మిర్చి యార్డులో ఓ కమిషన్ కొట్టులో గుమాస్తా. ఆరేడేళ్లుగా ముక్కు దిబ్బడ, తలబరువు, గొంతులోకి కఫం కారడం. వాసన పూర్తిగా పోయింది. స్కాన్ తీసి రెండు వైపులా కండ పెరిగిందన్నారు. మొన్న సంక్రాంతి వెళ్లాక ఎండోస్కోపీతో సైనస్ ఆపరేషన్ చేశారు. నెల తిరక్కుండానే పోపులో ఇంగువ వాసన తెలిసిందని చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. రోజూ ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోమని, స్టెరాయిడ్ స్ప్రే కొట్టుకోమని డాక్టరు చెప్పారు. ఫిబ్రవరిలో కొన్న సీసా అడుగున ఇంకా కొంచెం ఉంది. స్ప్రే కొడితే రక్తం చారలు వస్తున్నాయని, పైగా మా ఆడపడుచు భర్త ‘స్టెరాయిడ్ వాడితే ఎముకలు గుల్లవుతాయి, ఒకసారి అలవాటైతే మానలేవు’ అన్నారని పక్కన పడేశారు. షుగర్ బోర్డర్‌లో ఉంది. చలికాలంలో పిల్లికూతలు వస్తాయి. ఏప్రిల్ నుంచి మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేసుకుంటున్నారు, రెండు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటోంది. ఇప్పుడు ఆగస్టు వచ్చింది, వాసన మళ్లీ తగ్గింది. అంత ఖర్చు పెట్టి ఆపరేషన్ చేయించుకున్నాక కూడా జన్మంతా స్ప్రే కొట్టుకోవాలా? ఆపరేషన్ సరిగ్గా చేయలేదేమోనని నా అనుమానం. పెరుగు మానిపించాలా?
– ఒక సోదరి, గుంటూరు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ముందు నా కన్ను పడింది ఆ సీసా మీద. ఇలాంటి స్ప్రే సీసాల్లో చాలావాటి మీద 120 స్ప్రేలు అని రాసి ఉంటుంది. మామూలుగా ఒక్కో రంధ్రంలో రెండేసి, రోజుకు నాలుగు. అంటే నెలకు ఒక సీసా. ఫిబ్రవరిలో కొన్నది ఆగస్టులో ఇంకా అడుగున ఉందంటే, మీ వారు స్ప్రే వాడి మానేశారని నేను అనుకోను. అసలు సరిగ్గా మొదలుపెట్టనే లేదు. కోప్పడడానికి అనడం లేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇలాంటివాళ్లు చాలామందే. ‘స్ప్రే వాడుతున్నారా’ అంటే అందరూ తల ఊపుతారు. ‘సీసా ఎన్నాళ్లకు అయిపోతోంది’ అంటేనే నిజం బయటికి వస్తుంది.

ఆపరేషన్ సరిగ్గా చేయలేదేమో అన్న అనుమానం తీసేయండి. నెలలో ఇంగువ వాసన తెలిసిందంటే పని జరిగింది. చిక్కల్లా ఆ జబ్బు స్వభావంలో ఉంది. ముక్కు లోపల, సైనస్ గదుల లోపల మెత్తటి తడి పొర ఒకటి పరుచుకుని ఉంటుంది. ఆ పొరకు మానని వాపు రావడమే ఈ జబ్బు. 12 వారాలకు మించి లక్షణాలు ఉంటే దీర్ఘకాలిక సైనసైటిస్ అంటాం. ఆ వాపు ముదిరి, పొర ద్రాక్షపళ్లలా ఉబ్బి వేలాడితే అదే మీరనే కండ, మేమనే పాలిప్స్. ఆపరేషన్‌లో ఉబ్బిన కండను తీస్తారు, సైనస్ గదుల ద్వారాలు వెడల్పు చేస్తారు. పొరను మాత్రం వీలైనంత వరకు కదిలించరు.

కావాలనే కదిలించరు. పాత రోజుల్లో పై పెదవి లోపలి నుంచి కోసి, సైనస్ లోపలి పొరనంతా గీకేసే ఆపరేషన్ ఉండేది. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో మెస్సర్‌క్లింగర్ అనే వైద్యుడు ఎండోస్కోప్ పెట్టి ఏళ్ల తరబడి చూసి, ఆ పొర మీద కంటికి కనిపించనంత సన్నటి వెంట్రుకలు కఫాన్ని ఒక నిర్ణీత దారిలోనే ద్వారం వైపు నెడుతుంటాయని తేల్చాడు. గీకేస్తే ఆ ఏర్పాటే పోతుంది. అందుకని దారులు తెరిచి పొరను బతికించుకుందాం అన్న పద్ధతి వచ్చింది, 1980ల నుంచి ప్రపంచమంతా పాకింది. మీ వారికి చేసిందీ అదే. పొరను మిగిల్చారు కాబట్టి పొరలోని వాపు గుణం కూడా మిగిలే ఉంటుంది. చెమ్మ పట్టిన ఇంటికి కిటికీలు పెద్దవి చేయించినట్టు. గాలి ఆడుతుంది, గది బాగుపడుతుంది, కానీ గోడలోని చెమ్మ సంగతి వేరే చూసుకోవాలి.

ఆ చెమ్మకు మందు స్ప్రేలోని స్టెరాయిడ్. ఆపరేషన్ తర్వాత దాన్ని రోజూ వాడినవాళ్లలో కండ మళ్లీ రావడం తగ్గుతుందని చాలా పరీక్షల్లో రుజువైంది. వాడినా కొందరికి తిరిగి వస్తుంది, అదీ నిజమే. కండ ఉండి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను ఎండోస్కోపీతో వెంబడించి చూసిన ఒక అమెరికా అధ్యయనంలో ఏడాదిన్నరకు పదిమందిలో నలుగురికి మళ్లీ కనిపించింది. అందరికీ మళ్లీ ఆపరేషన్ అవసరమైందని కాదు, లోపల కండ కనపడిందని మాత్రమే. ఈ మాట ఆపరేషన్‌కు ముందే గట్టిగా చెప్పి ఉండాల్సింది. మా డాక్టర్లం చాలాసార్లు డిశ్చార్జి కాగితం మీద స్ప్రే పేరు రాసి, ‘ఇది వాడండి’ అని ఊరుకుంటాం. ఎందుకో చెప్పని మందును ఎవరు మాత్రం ఆరు నెలలు వాడతారు!

ఇంకో విషయం మీ వారికి చెప్పండి. ఆపరేషన్‌కు ముందు ఎంత స్ప్రే కొట్టినా అది ముక్కు ముందు భాగంలోనే ఆగిపోతుంది, సైనస్ గదుల్లోకి వెళ్లేది దాదాపు ఏమీ ఉండదు. ద్వారం సుమారు 4 మిల్లీమీటర్లయినా తెరుచుకుంటే తప్ప కడిగే నీళ్లు కూడా సరిగ్గా లోపలికి పోవు. ఇప్పుడు ఆ దారి తెరిచి ఉంది. నా లెక్కలో ఆపరేషన్ పెద్ద లాభం అదే, మందు చేరాల్సిన చోటికి చేరే దారి ఏర్పడింది. డబ్బు పోసి దారి వేయించుకుని మీ వారు దాని మీద నడవడం లేదు.

ఇక ఎముకల మాట. ఆడపడుచు భర్త గారు పూర్తిగా అబద్ధం చెప్పలేదు. ఆయన మనసులో ఉన్నది వేరే స్టెరాయిడ్. ఒళ్లు నొప్పులకు, ఆయాసానికి పల్లెల్లో పొట్లం కట్టి ఇచ్చే చిన్న తెల్ల మాత్రలు, అయినదానికీ కానిదానికీ పొడిచే డెక్సా ఇంజెక్షన్లు, వాటితో ముఖం ఉబ్బినవాళ్లను, తుంటి ఎముక విరిగినవాళ్లను ఆయన చూసే ఉంటారు. నేనూ చూశాను. నోటితో మింగే ప్రెడ్నిసొలోన్ రోజుకు 30 మిల్లీగ్రాములు ఇచ్చామనుకోండి, అది రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. మొమెటసోన్ స్ప్రే అయితే రోజుకు నాలుగు స్ప్రేలకు 200 మైక్రోగ్రాములు. మిల్లీగ్రాములో వెయ్యో వంతు మైక్రోగ్రాము. స్ప్రేలో వాడే మందులు బరువుకు బరువు చూస్తే మాత్రల కన్నా బలమైనవే, కాబట్టి ఈ అంకెలను నేరుగా పోల్చి మురిసిపోకూడదు. కానీ మొమెటసోన్, ఫ్లూటికసోన్ రకాల్లో రక్తంలోకి చేరేది నూటికి ఒకటి రెండు పాళ్లలోపే. గొంతులోకి జారి మింగినదాన్ని లివర్ మొదటి చుట్టులోనే నిర్వీర్యం చేసేస్తుంది. బెక్లోమెథసోన్, బుడెసొనైడ్ వంటి పాత రకాల్లో రక్తంలోకి చేరేది ఎక్కువ. అందుకే ఏళ్ల తరబడి వాడాల్సి వచ్చినప్పుడు మేం మొదటి రెండింటి వైపే మొగ్గు చూపుతాం.

దీనికి అలవాటు పడడమన్నది లేదు. పొర పలచబడిపోతుందని కొందరు భయపెడతారు. ఏడాదిపాటు మొమెటసోన్ వాడినవాళ్ల ముక్కు లోపలి నుంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూశారు, పలచబడలేదు. మామూలు మోతాదు స్ప్రేతో షుగర్ చెప్పుకోదగ్గంత పెరగదు. మూడు నెలలకోసారి చేయించే షుగర్ పరీక్ష ఎలాగూ చేయిస్తూనే ఉంటారు కదా, అది చాలు. కంట్లో ప్రెషర్ ఎక్కువున్నా, ఇంట్లో ఎవరికైనా గ్లాకోమా ఉన్నా ఏడాదికోసారి కంటి డాక్టరుకు చూపించండి. జాగ్రత్త కోసమే చెబుతున్నాను.

మీరు రాయలేదు గానీ, 2021 తర్వాత స్టెరాయిడ్ అనగానే బ్లాక్ ఫంగస్ గుర్తొచ్చేవాళ్లు చాలామంది. హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ ఆస్పత్రిని ఆ జబ్బుకే కేటాయించిన రోజులవి, ఎవరూ మరచిపోలేరు. అప్పుడు ఎక్కువ మందిని ముంచింది కోవిడ్, అదుపు తప్పిన షుగర్, వాటి మీద నోటితోనో సెలైన్‌తోనో ఎక్కించిన పెద్ద మోతాదు స్టెరాయిడ్. ముక్కులో కొట్టే స్ప్రే కాదు.

మీ ఇంట్లో దేనికి భయపడాలో చెబుతాను. స్ప్రే వాడరు, కండ మళ్లీ పెరుగుతుంది, ఊపిరాడదు. అప్పుడు ఎవరో ఒకరు పది రోజులు స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు. అద్భుతంగా పనిచేస్తాయి. రెండు నెలలకు మళ్లీ మొదలు, మళ్లీ పది రోజులు. బోర్డర్‌లో ఉన్న షుగర్ అక్కడ దాటుతుంది, ఎముకల మాట కూడా అక్కడే నిజమవుతుంది. స్ప్రేకు భయపడి మానేసినవాళ్లే ఎక్కువ స్టెరాయిడ్ మింగడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

రక్తం చారల దగ్గరికి వద్దాం. మీ వారు మానడానికి బావగారి మాట కన్నా ఇదే అసలు కారణమని నాకనిపిస్తోంది. అద్దం ముందు నిలబెట్టి ఒకసారి కొట్టమనండి. కుడిచేత్తో సీసా పట్టుకుని, కుడి రంధ్రంలో నిటారుగానో, మధ్య గోడ వైపు వంచో కొడుతూ ఉంటారు. రెండు రంధ్రాల మధ్య గోడ మీద ముందు భాగంలో సన్నటి రక్తనాళాలు గుత్తిలా ఉంటాయి. మందు జల్లు రోజూ సూటిగా దాన్నే కొడితే అక్కడ ఎండి, పక్కు కట్టి, రక్తం వస్తుంది. పైగా మందు వెళ్లాల్సిన చోటికి పోదు. రెండు విధాలా నష్టం.

చేతులు మార్చుకోవాలి. కుడి రంధ్రానికి ఎడమ చెయ్యి, ఎడమ రంధ్రానికి కుడి చెయ్యి. అలా పట్టుకుంటే సీసా మూతి దానంతటదే బయటివైపు, అదే వైపు కంటి చివరకేసి తిరుగుతుంది. ముందు మెల్లగా చీదాలి. సీసా ఊపాలి. కొత్త సీసా అయినా, చాలా రోజులు వాడకుండా ఉంచినదైనా సన్నటి మంచులా వచ్చేదాకా గాల్లోకి నొక్కాలి. తల వెనక్కి వాల్చకూడదు, పుస్తకం చదువుతున్నట్టు కాస్త ముందుకు వంచాలి. మూతి కొంచెమే లోపలికి పెట్టి, నొక్కుతూ పువ్వు వాసన చూసినంత నెమ్మదిగా గాలి పీల్చాలి. ముక్కుపొడుం పీల్చినట్టు గట్టిగా లాగితే మందంతా గొంతులోకి జారుతుంది, చేదు తెలుస్తుంది. చేదు తెలిసిందంటే ఎక్కువ లాగారని అర్థం. ఇప్పుడు చారలు వస్తున్నాయి కాబట్టి ముందు మీ ఈఎన్‌టీ డాక్టరుకు ఒకసారి చూపించండి. మధ్య గోడ మీద పుండేమైనా ఉంటే వాళ్లు కొన్నాళ్లు ఆపమంటారు లేదా పూత మందు ఇస్తారు. ఫిబ్రవరి సీసా పారేయండి. 120 దాటాక అడుగున మందు కనిపించినా మోతాదు సరిగ్గా రాదు. వీరిది దాటిందో లేదో ఎవరూ లెక్కపెట్టలేదు కదా.

ఉప్పునీళ్ల సంగతి మీరు ఒక్క మాటతో వదిలేశారు. అది స్ప్రేకు తోడుపెళ్లికొడుకు లాంటిదని అనుకోవద్దు. యార్డు నుంచి తెచ్చుకున్న ఘాటు దుమ్ము, కఫం, పక్కులు కడిగేస్తే తప్ప మందు పొరకు తగలదు. సాయంత్రం ఇంటికి రాగానే కడుక్కోవాలి, పావుగంట ఆగి స్ప్రే కొట్టుకోవాలి. నీళ్లు మాత్రం కుళాయివి, బోరువి, చివరికి ఫిల్టర్ నీళ్లు కూడా నేరుగా వద్దు. బాగా తెర్లేలా మరగకాచి, గోరువెచ్చగా చల్లార్చినవే వాడాలి. ఇది చాదస్తం కాదు. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు మెదడుకు అమీబా పాకి చనిపోయారు. ఈ మధ్య కేరళలో ఈ అమీబా జ్వరాల వార్తలు మీరూ చదివే ఉంటారు. అదే నీళ్లు తాగితే ఏమీ కాదు, ముక్కు పై భాగం నుంచి మాత్రం దానికి మెదడుకు దారి ఉంది. మందుల షాపుల్లో ఇందుకోసం పొట్లాలు దొరుకుతాయి. ఇంట్లో కలుపుకునేవాళ్లు అయోడిన్ లేని ఉప్పు మూడు చెంచాలకు ఒక చెంచా వంటసోడా కలిపి ఉంచుకుని, దాంట్లోంచి ఒక చెంచా పావు లీటరు నీళ్లకు వేసుకోవచ్చు. మంటపుడితే ఉప్పు తగ్గించాలి. సీసా రోజూ కడిగి ఆరబెట్టాలి. కడుక్కున్న గంట రెండు గంటలకు చెప్పులు వేసుకోవడానికి వంగితే కాసిని నీళ్లు జారిపడొచ్చు, సైనస్‌లో నిలిచిన నీళ్లే అవి, కంగారు వద్దు.

రెండు నిమిషాల్లో ముక్కు తెరిచే చుక్కలు. నాకు నిజంగా టెన్షన్ పెట్టింది స్టెరాయిడ్ స్ప్రే కాదమ్మా, ఇవి. సీసా మీద జైలోమెటజొలిన్ అనో, ఆక్సీమెటజొలిన్ అనో ఉందేమో చూడండి. ఉంటే, వాటిని ఐదు రోజులకు మించి వాడకూడదు. రక్తనాళాలను బిగించి దారి తెరుస్తాయి. ప్రభావం దిగగానే నాళాలు ముందుకన్నా ఎక్కువ ఉబ్బుతాయి, మళ్లీ చుక్కలు వేసుకోవాలనిపిస్తుంది. అలవాటైతే మానలేవు అన్న మాట బావగారు తప్పు సీసా మీద ప్రయోగించారు. నాలుగు నెలలుగా వాడుతున్నారు కాబట్టి ఒక్కసారిగా మానడం కష్టం. స్టెరాయిడ్ స్ప్రే సరిగ్గా మొదలుపెట్టి, చుక్కలు ముందు ఒక రంధ్రంలో మానిపించి, అది గాడిన పడ్డాక రెండోది మానిపిస్తుంటాం. వారం పది రోజులు నిద్ర సరిగ్గా పట్టదు. స్ప్రే చుక్కల్లా రెండు నిమిషాల్లో పనిచేయదనీ చెప్పండి. తేడా తెలియడానికి రెండు వారాలు, కండ విషయంలో రెండు మూడు నెలలు పడుతుంది.

పిల్లికూతలని రాశారు. ఆస్తమా, ముక్కులో కండ తరచూ కలిసే ఉంటాయి. వీళ్లలో కొందరికి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వేసుకున్న గంటా గంటన్నరలో ముక్కు కారి ఆయాసం ముంచుకొస్తుంది. అలా ఎప్పుడైనా జరిగిందేమో గుర్తు చేసుకోమనండి. జరిగి ఉంటే ఆ మాత్రలు మళ్లీ ముట్టుకోకూడదు, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఆ మాట చెప్పాలి. అలాంటివాళ్లకు కండ తిరిగి వచ్చే అవకాశం కూడా ఎక్కువ. ఛాతీ డాక్టరు ఇన్హేలర్ ఇచ్చి ఉంటే అందులోనూ స్టెరాయిడ్ ఉంటుంది, రెండింటి సంగతీ ఇద్దరు డాక్టర్లకూ తెలియాలి. ఆపరేషన్‌లో ఫంగస్ బయటపడిందని ఇట్రాకొనజోల్ మాత్రలేమైనా రాశారా? అది కొన్ని స్టెరాయిడ్లను లివర్ కరిగించకుండా అడ్డుకుంటుంది. ఫ్లూటికసోన్, బుడెసొనైడ్ అలా ఒంట్లో పేరుకోవచ్చు. హెచ్ఐవీకి వాడే రిటొనావిర్‌తోనూ అంతే. చీటీలన్నీ ఒకే సంచీలో వేసి తీసుకెళ్లండి.

జన్మంతా వాడాలా అని అడిగారు. కండ ఉన్నవాళ్లకు నేను కనీసం ఏడాది గట్టిగా వాడమంటాను, మధ్యలో ఎండోస్కోపీతో చూస్తూ. లోపల శుభ్రంగా ఉంటే మోతాదు తగ్గించి చూస్తాం. చాలామందికి తక్కువ మోతాదులో ఏళ్ల తరబడి అవసరమవుతుంది, ఆ మాట దాచను. బీపీ మాత్ర వేసుకుంటున్నట్టే. స్ప్రే సరిగ్గా వాడినా ఆగకపోతే, నెబ్యులైజర్‌లో వాడే బుడెసొనైడ్ మందును ఉప్పునీళ్లలో కలిపి కడుక్కోమనే పద్ధతి ఉంది. ఆపరేషన్ అయిన ముక్కులో అది స్ప్రే కన్నా లోతుగా వెళ్తుంది, చాలావరకు తిరిగి కిందికే కారిపోతుంది. మోతాదు డాక్టరు చెప్పాలి, సొంతంగా కలపొద్దు. దానికీ లొంగని కండకు డుపిలుమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది, 2019లో అమెరికా ఈ జబ్బుకు అనుమతిచ్చింది. ఖరీదు తలచుకుంటే గుండె గుభేలుమంటుంది. మీ వారు అంతదూరం వెళ్లలేదు.

కన్ను చుట్టూ వాపొచ్చినా, ఒకటి రెండుగా కనిపించినా, జ్వరంతో మెడ బిగిసినా, ఆగకుండా రక్తం పడినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. కడుక్కోని రోజున కూడా వంగినప్పుడల్లా ఒకే రంధ్రంలోంచి నీళ్లలా స్వచ్ఛంగా కారుతుంటే అది కూడా చూపించాల్సిందే, మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు.

టిక్కీలు (మిర్చి బస్తాలు) దించే చోట, కాటా దగ్గర ఉన్నంతసేపూ మాస్కు పెట్టుకోమనండి. రుమాలు చాలదు. సీజన్లో అది కుదరదంటారు, ఘాటుకు మేం అలవాటు పడ్డామంటారు. వాసన పోయిన ముక్కుకు ఘాటు తెలియదు, అలవాటు పడడం కాదది. అవతలి మనిషి తుమ్ముతుంటే తనకేమీ కాలేదని మురిసిపోయిన యార్డు మనుషులను చాలామందిని చూశాను.

పెరుగు తిననివ్వండి. ముక్కులో కండకు, పెరుగుకు సంబంధం లేదు. అందులో ఇంగువ పోపు వేసి మజ్జిగ చారు చేస్తే ఇంకా మంచిది, వాసన ఎంత తెలుస్తోందో వారం వారం మీకే లెక్క తెలుస్తుంది.